కింది చెయ్యి చూపించండి

మగ్గం పని తెలిసిన ఎవరినైనా అడగండి, పైకి కనిపించే చెయ్యి పనిలో సగం కూడా కాదంటారు. బిగించి కట్టిన గుడ్డలోకి కుడిచేత్తో సూది దించుతాం. అసలు పని గుడ్డ కింద జరుగుతుంది. ఎడమచేతి వేళ్ళ మధ్య ఉన్న దారాన్ని సూది కొక్కేనికి చుట్టి, కాస్త బిగువిచ్చి పట్టుకోవాలి. అదే క్షణంలో పైచెయ్యి సూదిని అరచుట్టు తిప్పి లాగాలి. తిప్పకపోతే కొక్కెం గుడ్డని పట్టేస్తుంది. బిగువెక్కువైతే దారం తెగుతుంది, తక్కువైతే కుట్టు వదులై లేచిపోతుంది. కొత్తగా నేర్చుకునే మనిషికి మొదటి వారమంతా ఏడుపొచ్చేది ఆ కింది చెయ్యి దగ్గరే.

పోయిన వేసవిలో ఒకావిడ మా కొట్టుకొచ్చింది. మాది దారాలు, పూసలు, జర్దోసీ, కుందన్లు, మగ్గం సామాను అమ్మే చిన్న కొట్టు. ఆవిడ ఏమీ కొనలేదు. సంచిలోంచి ఒక సూది తీసి, "ఇది మంచిదేనా అక్కా, గుడ్డని పట్టేస్తోంది" అనడిగింది. సూది మంచిదే. కుట్టి చూపించమన్నాను. సూది తిప్పడం లేదు, కింద దారం చుట్టడం అసలే తెలియదు. ఎక్కడ నేర్చుకున్నావంటే ఆన్‌లైన్ వర్క్‌షాప్‌లో అంది. మరి కింద ఎలా పట్టుకోవాలో చెప్పలేదా అన్నాను. "వాళ్ళు కింది చెయ్యి చూపించలేదక్కా" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచీ నా ఒళ్ళు మండుతోంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. నాలాగే చిన్న వ్యాపారం చేసుకుంటూ, గిరాకీ కోసం ఆన్‌లైన్ వర్క్‌షాపులు పెట్టేవాళ్ళకీ, పెడదామనుకునేవాళ్ళకీ రాస్తున్నాను.

ఆవిడకి జరిగింది ముందు చెప్పాలి. 99 రూపాయలకే మగ్గం మాస్టర్‌క్లాస్ అని ఫోన్లో ప్రకటన కనిపించింది. ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్న రింగు ముందేసుకుని కూర్చుంది. రెండుంపావు గంటల క్లాసు. మొదటి గంటా నేర్పే మనిషి తాను ఎన్ని కష్టాలు పడిందో, ఇప్పుడు ఏ కారులో తిరుగుతోందో చెప్పింది. యూపీఐలో డబ్బు పడిన స్క్రీన్‌షాట్లు ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. వచ్చినవాళ్ళందరి మైకులూ కట్టేశారు. "నెలకి 50 వేలు సంపాదించాలనుకునేవాళ్ళు ఎస్ అని టైప్ చేయండి" అన్నారు. ఈవిడా చేసింది. ఎవరు చేయరు? తర్వాత కుట్టు చూపించారు, పట్టుమని పన్నెండు నిమిషాలు. కెమెరా పైనే ఉంది. కింద ఏం జరుగుతోందో అడుగుదామంటే నోరు కట్టేసి ఉంది. ఆ వెంటనే తెర మీద గడియారం వచ్చింది. 14,999 రూపాయల కోర్సు, ఈ పదిహేను నిమిషాల్లో కట్టేవాళ్ళకి 4,999, ఏడు సీట్లే ఉన్నాయి, మీ పిల్లల భవిష్యత్తు మీకు ముఖ్యం కాకపోతే క్లాసులోంచి వెళ్ళిపోవచ్చు. డ్వాక్రా అప్పులోంచి పిల్లవాడి స్కూలు ఫీజుకని పక్కన పెట్టుకున్న డబ్బు కట్టేసింది. మర్నాడు వాళ్ళ చెల్లెలి ఫోనులో అదే లింకు తెరిచి చూస్తే గడియారం మళ్ళీ పదిహేను నిమిషాల దగ్గర మొదలైంది. మళ్ళీ ఏడు సీట్లే.

కోర్సు పేరుతో వచ్చినవి రికార్డు చేసిన వీడియోలు. వాటిలోనూ కెమెరా పైనే. వాట్సాప్ గ్రూపులో రాసే వీలు అడ్మిన్లకే.

ఇది వ్యాపారం కాదు. దీన్ని వ్యాపార మెళకువ అనేవాళ్ళతో నాకు రాజీ లేదు.

నా కోపం ఆ ఒక్క మనిషి మీద కాదు. ఈ పద్ధతిని చిన్న వ్యాపారులకి పాఠంగా అమ్మేవాళ్ళున్నారు. నాకూ ఒకాయన ఫోన్ చేశాడు. మొదటి గంట మీ కథ చెప్పండి మేడం, రెండో గంటలో వాళ్ళ బాధని తాకండి, ఎంత నేర్పినా ఒక ముఖ్యమైన మెట్టు ఆపెయ్యండి, అది తెలియకపోతేనే కోర్సు కొంటారు అన్నాడు. కోర్సు కొన్న మనిషి పేరు ఆయన నోట కన్వర్షన్, కొనబోయే మనిషి పేరు లీడ్, మొత్తం ఏర్పాటు పేరు ఫన్నెల్. ఫన్నెల్ అంటే గరాటు. మన ఇళ్ళలో గరాటుతో నూనె పోసుకుంటాం, కిరోసిన్ పోసుకునేవాళ్ళం. మనుషుల్ని పోయం. పేరంటానికి పిలిస్తే వచ్చే అక్కచెల్లెళ్ళనీ, అత్తగారి కళ్ళుగప్పి గంటసేపు ఫోను పట్టుకునే కోడళ్ళనీ, ఉద్యోగం పోయి ఏదో ఒకటి నేర్చుకుందామనుకునే తమ్ముళ్ళనీ గరాటులో పోసి కింద సీసా పట్టుకోమంటే నాకు చేతులు రావు. ఎవరికీ రాకూడదు.

ఆ ముఖ్యమైన మెట్టు ఆపెయ్యండి అన్న మాటనే చూడండి. మగ్గంలో ఆ మెట్టు కింది చెయ్యి. పచ్చళ్ళ క్లాసులో ఉప్పు, కారం, ఆవపిండి పాళ్ళు. మిద్దెతోట క్లాసులో మట్టి మిశ్రమం. కేకుల క్లాసులో ఓవెను వేడి. దాన్ని దాచి మిగతాదంతా నేర్పడమంటే మనిషి ఓడిపోయేలా నేర్పడం. ఆవిడ ఇంటికెళ్ళి ప్రయత్నిస్తుంది, గుడ్డ చిరుగుతుంది, తప్పు తనదేననుకుంటుంది. నాకు చేతకాదు, నేను పనికిరాను అనుకుంటుంది. మా కొట్టుకొచ్చిన ఆవిడా అదే అనుకుంది. సూదిని అనుమానించింది, తన చేతిని అనుమానించింది, నేర్పినవాళ్ళని మాత్రం అనుమానించలేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ రగిలించేది అదే.

పోనీ కింది చెయ్యి చూపించడం కష్టమా? అర మీటరు ఆర్గంజా గుడ్డ రింగుకి బిగిస్తే చాలు. గుడ్డ పారదర్శకంగా ఉంటుంది, కింద వేళ్ళు ఏం చేస్తున్నాయో పైనుంచే కనబడుతుంది. లేదంటే ఇంకో ఫోను నేల మీద వెల్లకిలా పెట్టి అదే మీటింగులో వేరే పేరుతో చేర్చవచ్చు. చూపించలేకపోవడం వేరు, చూపించకూడదనుకోవడం వేరు.

ఇలాంటి మాయలను చట్టం కూడా గుర్తించింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. దాని కింద 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చారు, ఎర ప్రకటన అంటే ఏమిటో వాటిలో నిర్వచించారు. 2023 నవంబరు 30న 13 రకాల మాయ పద్ధతులను పేరుపేరునా చెప్పి నిషేధించారు. లేని తొందర పుట్టించడం ఆ జాబితాలో మొదటిది. వద్దన్న మనిషిని సిగ్గుపడేలా చేయడం, ఒకటి చూపించి ఇంకొకటి అంటగట్టడం కూడా అందులోనే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ మొదలయ్యే గడియారం, ఎప్పటికీ తరగని ఏడు సీట్లు, పిల్లల భవిష్యత్తు మీద బెదిరింపు, ఇవన్నీ తప్పులని రాసి ఉన్నాయి. అందరూ చేస్తున్నారు కదా అనేవాళ్ళు ఒకసారి ఆ జాబితా తెలుగులో ఎవరిచేతనైనా చదివించుకోండి.

నేర్పి అమ్మడం తప్పని నేననడం లేదు. దానికి పూర్తి వ్యతిరేకంగా చెబుతున్నాను: చిన్న వ్యాపారానికి నేర్పడాన్ని మించిన దారి లేదు. ఇది పాత దారి కూడా. 19వ శతాబ్దంలో సింగర్ కంపెనీ కుట్టు మిషన్లను ఎలా అమ్మింది? షోరూములో అమ్మాయిల్ని కూర్చోబెట్టి అందరి ముందూ కుట్టించింది, కొన్నవాళ్ళకి కుట్టడం నేర్పింది, వాయిదాల మీద ఇచ్చింది. మన ఊళ్ళలో ఉషా కుట్టు స్కూళ్ళలో నేర్చుకున్న అమ్మలు ఇప్పటికీ ఉన్నారు. మా అమ్మ అలాగే నేర్చుకుంది. జాకెట్టు కత్తిరింపులో చంక దగ్గర గుండ్రం ఎలా తియ్యాలో ఆ టీచరు దాచిపెట్టి, అది కావాలంటే ఇంకో కోర్సుకి రా అని ఉంటే మా ఇంట్లో మిషను ఉండేది కాదు. మా అమ్మకి కుట్టడం వచ్చింది కాబట్టి మిషను కొంది. వీధిలో ఇంకో నలుగురు ఆవిడని చూసి కొన్నారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా కొట్టు షట్టరు పడింది. ఏప్రిల్, మే పెళ్ళిళ్ళన్నీ వాయిదా పడ్డాయి. విజయవాడ వన్‌టౌన్ నుంచి సీజను కోసం తెచ్చిన సరుకు అట్టపెట్టెల్లోనే ఉండిపోయింది. అప్పుడే జూమ్ నేర్చుకున్నాను. డబ్బు కట్టకపోతే గ్రూపు మీటింగు 40 నిమిషాలకి తెగిపోతుంది. ఆ 40 నిమిషాలు నాకు మంచి గురువయ్యాయి. కారు కథలకి చోటు లేదు. పదకొండు మంది వచ్చారు. మొదటి రోజు నేనూ పైచెయ్యే చూపించాను, ఎవరికీ రాలేదు. "అక్కా, కింద కనబడట్లేదు" అని ఒకమ్మాయి అరిచింది. ఆమె మైకు తెరిచే ఉంది కాబట్టి అరవగలిగింది. మర్నాడు మా అబ్బాయి ఫోను నేల మీద పెట్టి, ఇంకో ఫోను టార్చి వేసి కూర్చున్నాను. తెర నిండా నా ఎడమచెయ్యే. పసుపు మరకలతో, సూది గుచ్చుకున్న గాట్లతో. నలుగురికి ఆ రోజే గొలుసు కుట్టు పడింది.

ఆ నలుగురూ లాక్‌డౌన్ సడలించగానే కొట్టుకొచ్చారు. నేను రమ్మనలేదు. వాళ్ళకి దారం కావాలి. కుట్టడం వచ్చిన మనిషికి ఇంకో రంగు దారం కావాలి, జరీ దారం కావాలి, సన్నసూది సరిపోక లావుసూది కావాలి, రింగు చాలక స్టాండు కావాలి, ఆ తర్వాత పూసలు, జర్దోసీ, కుందన్లు. చేతికి పని వచ్చాక సామాను దానంతటదే అమ్ముడవుతుంది. పని రాని మనిషికి ఎంత అంటగట్టినా అది అటక మీదే ఉంటుంది. ఇంత చిన్న సంగతిని దాటుకుని గరాటుల దగ్గరికి ఎందుకు పరిగెడుతున్నాం?

ఇంకొకటి ఉంది, దీని మీద ఎవరూ మాట్లాడరు. మగ్గం పని చేసేవాళ్ళందరికీ ఉన్న పెద్ద బాధ బేరం. పెళ్ళి బ్లౌజు రెండు చేతులూ నింపి కుట్టమంటారు, మెడ చుట్టూ లోడ్ వర్క్ అంటారు, ధర చెప్పగానే అంతా అని నోరు వెళ్ళబెడతారు. ఒక గంట కూర్చుని రెండంగుళాల గొలుసు కుట్టు తన చేత్తో వేసిన మనిషి ఆ మాట అనదు. నడుం నొప్పి తెలుస్తుంది, కళ్ళు లాగడం తెలుస్తుంది. నా క్లాసుకొచ్చినవాళ్ళలో ఎందరో ఆ తర్వాత సూది పట్టలేదు. నాకు కుదరదక్కా, మీరే కుట్టించండి అని ఆర్డరిచ్చారు. ఒక్కరు కూడా ధర తగ్గించమనలేదు. వర్క్‌షాప్ నేర్పే అన్నిటిలోకీ విలువైనది అదే. చేనేతవాళ్ళు, కుమ్మరులు, బొమ్మలు చేసేవాళ్ళు, మీ పనికి ధర పలకడం లేదని బాధపడేవాళ్ళెవరైనా ఒక్కసారి కొనేవాళ్ళ చేతిలో మీ పనిముట్టు పెట్టి చూడండి.

అన్నీ చెప్పేస్తే వాళ్ళే చేసుకుంటారు, నా నోట్లో మట్టి కొడతారు అనే భయం ఉంది. నాకూ ఉండేది. శ్రీకాళహస్తిని చూడండి. కలంకారీ అక్కడ దాదాపు ఆరిపోయే దశకి వచ్చింది. 1950ల్లో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య లాంటి పెద్దలు బయటి పిల్లల్ని కూర్చోబెట్టి పని నేర్పారు. ఆయన కుమారుడు గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నేర్పడం వల్ల ఆ ఊరికి అన్నం పోయిందా? నేర్పడం వల్లే పని బతికింది. దాచుకున్నవాళ్ళతో పాటే చచ్చిపోయిన పనులు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో లెక్క కూడా లేదు.

అదే కలంకారీని మూడు గంటల్లో పూర్తిగా నేర్పుతామనే ప్రకటనలు చూసినప్పుడు కడుపు రగిలిపోతుంది. గుడ్డని కరక్కాయ రసంలో, గేదెపాలలో ముంచి ఎండబెట్టాలి. ఆ పాలలోని కొవ్వు వల్లే రంగు పక్కకి పాకదు. నల్లరంగు కావాలంటే తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెట్టాలి. పటిక పెట్టాలి, పారే నీళ్ళలో ఉతకాలి, మరిగించాలి, మళ్ళీ ఎండబెట్టాలి. ఊరిన ఇనుము నీళ్ళ వాసన ఫోనులోంచి రాదు. నిజాయితీ ఉన్న మనిషి ఏమనాలి? ఈ రోజు కలం పట్టుకోవడం, చింతబొగ్గుతో గీత గీయడం, ఆ గీత మీద కలం నడపడం చెబుతాను, రంగుల పని చూడాలంటే రండి, ఇదిగో మా ఊరు, ఇదిగో బస్సు, అనాలి. అలా అన్నవాళ్ళ దగ్గరికి జనం బస్సెక్కి వెళతారు.

కాబట్టి వర్క్‌షాప్ పెట్టే ప్రతి చిన్న వ్యాపారినీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను. మైకులు తెరవండి. మూడొందల మందిని కూర్చోబెట్టి నోళ్ళు కట్టేస్తే అది సభ అవుతుంది, క్లాసు కాదు. పన్నెండు మంది చాలు. వీడియోలు యూట్యూబులో కావలసినన్ని ఉన్నాయి. మీరివ్వగలిగింది, అక్కడ దొరకనిది ఒకటే: అమ్మా, నీ చెయ్యి చూపించు, అదుగో, సూది తిప్పడం మర్చిపోయావు అని చెప్పడం. మూడొందల మందికి ఆ మాట చెప్పలేరు. ఫీజు తీసుకోండి, సిగ్గుపడొద్దు. దేనికి తీసుకుంటున్నారో, ఏం నేర్పుతారో, ఏం నేర్పరో ముందే రాసి పెట్టండి. 99 అని పిలిచి 4,999 దగ్గర తేల్చకండి.

సామాను ముందే పంపండి. రెండు సూదులు, రెండు రీళ్ళ సిల్కు దారం, ముక్క ఆర్గంజా, టేబులు అంచుకి బిగించుకునే రింగు. రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే ఈ పని వస్తుంది, రింగుని ఒడిలో పట్టుకుని కుట్టమనడం మోసమే. ఒకసారి నేను ఒకావిడకి పంపిన పార్శిలు క్లాసు అయిపోయాక చేరింది. ఆవిడ గంటసేపు ఖాళీ చేతులతో కూర్చుని మిగతావాళ్ళు కుడుతుంటే చూసింది. ఆ తప్పు నాది. మర్నాడు ఆవిడ ఒక్కదానికే మళ్ళీ క్లాసు చెప్పాను. అప్పటి నుంచి వారం ముందు పోస్టులో వెయ్యకపోతే ఆ పేరు ఆ క్లాసులో ఉండదు.

మన జనం వేళలు చూసి పెట్టండి. మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెడితే పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు ముగించాలి. డాలస్‌లో ఉన్న మన ఆడపిల్లలకైతే శనివారం పొద్దున మన ఏడింటికి పెడితే వాళ్ళకి శుక్రవారం రాత్రి అవుతుంది, పిల్లలు పడుకున్నాక కూర్చుంటారు. ఏడాదిలో కూడా వేళ ఉంది. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళుండవు, మగ్గాలు ఖాళీ. చేతులు నలుపుకుంటూ కూర్చునే ఆ రోజులే నేర్పడానికి మంచివి. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, ఆ వెనకే ముహూర్తాలు. ఆషాఢంలో సూది పట్టినవాళ్ళు శ్రావణంలో మీ కొట్టు ముందుంటారు.

ఎంతమంది కొంటారని అడక్కండి. కొందరు కొనరు. నేర్చుకుని, దండం పెట్టి, ఇంకో కొట్టులో దారం కొనుక్కుంటారు. కొనుక్కోనివ్వండి. వాళ్ళు నా దగ్గర నేర్చుకున్నామని చెబుతారు, అది నిజం కాబట్టి చెబుతారు.

మా కొట్టుకొచ్చిన ఆవిడని ఆ రోజే మగ్గం దగ్గర నేల మీద కూర్చోబెట్టాను. మగ్గం కిందికి వంగి చూడమన్నాను. నేను పైన సూది దించుతుంటే ఆవిడ కింద నా ఎడమచేతి వేళ్ళు చూసింది, పది కుట్లదాకా కదలకుండా. ఆ తర్వాత నేను కిందికి వెళ్ళాను, ఆవిడ పైకి వచ్చింది. ఏడు కుట్లు పడ్డాయి. ఎనిమిదోది తెగింది. "ఇంతేనా అక్కా?" అంది. ఇంతే. ఈ పాటి దానికి ఆవిడ పిల్లవాడి ఫీజు పట్టుకెళ్ళారు.

ఇద్దరం కలిసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేశాం. డబ్బు కట్టిన రసీదు, రెండు రోజులూ ఒకే చోట మొదలైన గడియారం ఫొటోలు, తరగని ఏడు సీట్లు, అన్నీ వరసగా పెట్టి ఫిర్యాదు ఇచ్చాం. ఆ డబ్బు వెనక్కి రావాలి. 4,999 రూపాయలు, దాంతో పాటు ఆ 99 కూడా.